మాంగా అన్నది ఎవరు

ఆదోని
6 జూలై 2024

ప్రియమైన నానాకు,

మీ గుల్నాజ్ సలాం. ఇక మీదట మీతో ఫోన్లో మాట్లాడకూడదని తీర్మానించుకున్నాను. కోపంతో కాదు. ఫోన్లో మీకు సగమే వినపడుతుంది, మిగతా సగం మీరే అల్లుకుంటారు. పోయిన వారం నేను "నానా, ఫస్టు వచ్చినా" అంటే, "బస్టాండుకు వచ్చినావా? ఆడనే ఉండు" అని గొడుగు పట్టుకుని ఎమ్మిగనూరు బస్టాండులో గంటసేపు నిలబడ్డారట. నానీ చెప్పింది. కాబట్టి జాబులు. పైగా జాబు రాస్తే మాటలు చేతికి అలవాటవుతాయని మా తెలుగు లెక్చరర్ సుకన్య మేడం అంటారు. "తీర్మానించుకున్నాను" అనేది ఈ వారం నేర్చుకున్న మాట. ఎంత బరువుగా ఉందో చూశారా?

అసలు సంగతి. మా డిగ్రీ కాలేజీలో వ్యాసాల పోటీ పెట్టారు. గెలిచిన ఒక్కరు ఆగస్టు చివర కర్నూలు వెళ్లి, జిల్లా నలుమూలల నుంచి వచ్చినవాళ్ల ముందు తమ వ్యాసం చదవాలి. నాకు వెళ్లాలని ఉంది నానా. నేను రాసిన మాటలు నేనే మైకులో చదవడం! విషయం మన ఇష్టం. కానీ ప్రతి మాటకూ మూలం చూపాలి, ముఖ్యమైన మాటకైతే మూడు మూలాలు కావాలి. అది మేడం షరతు.

నా విషయం మీరు ఊహించే ఉంటారు. నాకు అనిమే మొదలై రెండేళ్లయింది. ఈ మధ్య మాంగా కూడా వచ్చి చేరింది. దాంతో సరిగా నిద్ర పట్టడం లేదు. మీ అల్లుడికి, అంటే మా అబ్బాకు, ఇదంతా నచ్చలేదు. "నెట్లో ఉండేదంతా అబద్ధమే. నీ వ్యాసంలో ఒక్క తప్పు దొరికిందనుకో, పరీక్షలయ్యేదాకా ఫోను బీరువాలోకి పోతాది" అన్నారు. తాళంచెవి చూపించి మరీ అన్నారు. తాను పనిచేసే పత్తి జిన్నింగు మిల్లులో కూలీలతో మాట్లాడే గొంతుతో అన్నారు.

మీరు దువా చేయండి.

మీ మనవరాలు
గుల్నాజ్


ఎమ్మిగనూరు
10 జూలై 2024

గుల్లూ బేటీకి నానా దువా.

నీ జాబు అందింది. అంగట్లో కూచోని రెండుసార్లు చదువుకున్నా. ఇంటికి పోయి మీ నానీ లాలాబీకి గట్టిగా చదివి వినిపించినా. అదే నేను చేసిన తప్పు.

అనిమే మొదలై రెండేళ్లు, నిద్ర లేదు అని చదవంగానే ఆమె చేతిలో చాట కింద పెట్టేసింది. "అనీమియా! పిల్లకు రక్తం లేదు! రెండేళ్లు మనకు చెప్పకుండా దాచినారు!" అని ఒకటే గోల. పోయిన నెలలో నర్సమ్మ వచ్చి వీధిలో ఆ జబ్బు గురించి చెప్పి పోయింది లే. ఈ జాబు పోస్టులో వస్తాది గానీ, దానికన్న ముందే బస్సులో కిలో ఖర్జూరాలు, బెల్లం వేసిన చెనక్కాయ ఉండలు వస్తాయి. డ్రైవరు మధు ఇస్తాడు, తీసుకో. తినలేదని తెలిస్తే ఆమే బస్సెక్కుతాది.

రెండోది ఇంకా పెద్దది. మాంగా వచ్చి చేరింది అన్నావు. మన ఇంటి మాటలో మాంగా అంటే అడిగినాడు అని కదా. ఎవరు మాంగా? ఏం మాంగా? నీ చెయ్యి మాంగా? పిల్లోడు యాడోడు? మీ అబ్బాకు నచ్చలేదంటావు, బీరువాకు తాళమంటావు. మీ నానీ ఒకపక్క ఏడుస్తా, ఇంకోపక్క పిల్లోడు ఏం చదివినాడో కనుక్కో అంటాంది. నీ చదువయ్యేదాకా ఎవరు అడిగినా ఇచ్చేది లేదని నా మాటగా చెప్పు.

మాటిమాటికీ మూలం మూలం అని రాసినావు. మా ఇంట్లో మూల అంటే కిటికీ పక్కన మీ నానీ కూచునే చోటు. ఆమె ఒక్కతే ఒక మూలకు చాలు, నీకు మూడెందుకు?

నీ నానా
జమాలుద్దీన్


ఆదోని
15 జూలై 2024

నానాకూ నానీకీ కలిపి సలాం.

ఖర్జూరాలు అందాయి. నా ఒంట్లో రక్తం నిండుగా ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. దయచేసి ఈ రెండు వాక్యాలు నానీకి ముందుగా చదివి వినిపించి, తర్వాత మిగతా జాబు చదవండి.

మాంగా అంటే జపాన్ వాళ్ల బొమ్మల కథల పుస్తకం. అదే కథను కదిలే బొమ్మలుగా తీస్తే అనిమే. పేజీలో గళ్లు గీసి, గడికో బొమ్మ వేసి కథ చెబుతారు. మాట ఒక్కటీ లేని పేజీలు కూడా ఉంటాయి. గొడుగు మీద వాన పడటం ఒక గడి, గొడుగు మూయడం ఒక గడి, ఇంట్లో ఎవరూ లేకపోవడం ఒక గడి. మాటలంటే ప్రాణం పెట్టే నేను మాటల్లేని ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. మీకు నచ్చే సంగతి ఒకటుంది. ఆ పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. అచ్చం మన ఉర్దూ లాగే. తెలుగు పుస్తకానికి చివరి అట్ట ఎక్కడుంటుందో అక్కడ దానికి మొదలు!

నా కష్టం వేరే. నెట్లో వీటి గురించి రాసేవాళ్లు వేలమంది. ఒక సైటు ఒక కథకు ఇరవై నాలుగు భాగాలంటుంది, ఇంకొకటి ఇరవై ఆరంటుంది, మూడోది ఇంకా అయిపోలేదంటుంది. కథ రాసినాయన ఒకచోట బతికి ఉన్నాడు, ఒకచోట చనిపోయాడు. రాసినవాళ్ల పేర్లు చూద్దామంటే అందరి పేరూ అడ్మినే. తేదీ ఉండదు. ఎక్కడి నుంచి తెచ్చారో ఉండదు. అందరూ "నమ్మండి" అంటారు. నానా, మీరు యాభై ఏళ్లుగా బట్టలు కొని అమ్ముతున్నారు. మగ్గం బట్ట అని చెప్పి మిషను బట్ట తెచ్చేవాళ్లను ఎలా పట్టుకుంటారు? ఆ కిటుకు నాకు పనికొస్తుందేమోనని అడుగుతున్నాను.

మీ
గుల్నాజ్

చెనక్కాయ ఉండలు అబ్బా తినేశారు. ఆయన రక్తం గురించి మాత్రం ఎవరూ బెంగ పడనక్కర్లేదు.


ఎమ్మిగనూరు
20 జూలై 2024

గుల్లూకు దువా.

నువ్వు చెప్పినట్ల ముందు ఆ రెండు వాక్యాలే చదివినా. మీ నానీ కండ్లు తుడుచుకుని, పిల్లోడు లేడని కొంచెం బాధపడింది కూడా. కుడి నుంచి చదువుతారని చెప్తే మాత్రం "అయితే సక్కగా చదువుకున్నోళ్లే" అని మెచ్చుకుంది.

బట్ట సంగతి అడిగినావు. బాగా అడిగినావు. ఇది రాసేకి నాకు ఒక పొద్దు పట్టింది.

బట్ట తెచ్చినోడు ముందుపక్క చూపిస్తాడు. నువ్వు వెనకపక్కకు తిప్పి చూడల్ల. ముందుపక్క అందరూ బాగానే ఉంటారు. తర్వాత అంచు చూడు. మగ్గం మీద బట్టను సాగదీసి పట్టేకి సూదులుంటాయి, అవి గుచ్చిన సన్న బెజ్జాలు అంచు పొడుగునా కనపడతాయి. అవి లేకుంటే అనుమానపడు. ఆ తర్వాత నేసినోని పేరు అడుగు. పేరు చెప్పనోని బట్ట కొనద్దు.

ఇంకోటి. ముగ్గురు యాపారులు మూడు సంచుల్లో తెచ్చి మూడు ఊర్ల బట్ట అంటారు. మన సిద్ధప్ప మగ్గంలో ఎడమ అంచున జానకొకసారి ఒక పోగు తప్పుతాది. మూడు సంచుల్లోనూ ఎడమ అంచున ఆ పోగు తప్పి ఉంటే? మూడు ఊర్లు లేవు, ఒక్క సిద్ధప్పే ఉండాడు. ఇంతే కిటుకు.

మాంగా అనే మాట యాడ పుట్టిందో కూడా నన్నడుగు. నేను మీసాలొచ్చిన కొత్తలో టకాటకా అని ఒక జపాన్ దొర మన అంగడికొచ్చి 2 తువాలలు కొన్నాడు. టీ తాగుతా చెప్పినాడు. వాళ్ల దేశంలో బొమ్మలు గీసే ముసలాయన ఒక పేజీ గీస్తే, పిల్లోళ్లు ఇంకోటి మాంగా. అదీ గీస్తే ఇంకోటి మాంగా. అట్ల మాంగా, మాంగా అనేసరికి పుస్తకానికి ఆ పేరే నిలబడిపోయిందంట. ఉర్దూ వాళ్లకెట్ల వచ్చిందంటావా, కుడి నుంచి చదివేటోళ్లకు అన్నీ వస్తాయి.

నీ నానా
జమాలుద్దీన్


ఆదోని
9 ఆగస్టు 2024

నా బంగారు నానాకు,

నేను గెలిచాను! కర్నూలు వెళ్తున్నాను! ఆగస్టు ఇరవై ఎనిమిదిన!

గెలిపించింది మీరే. టకాటకా గారి సంగతి చదివినరోజు నాకు అన్నం సహించలేదు. కుడి నుంచి చదవడానికీ మన మాటకూ ఉన్న సంబంధం ఇదేనన్నమాట అనుకున్నాను. ఇంత పెద్ద సంగతి మన అంగట్లోనే ఉండిపోవడం న్యాయం కాదనిపించి, అనిమే అభిమానులు కలిసి రాసే ఒక సైటులో ఆ రాత్రే ఎక్కించాను. అందులో ఎవరైనా రాయవచ్చు. "టకాటకా అనే జపాన్ వ్యాపారి ఎమ్మిగనూరు అంగడిలో పన్నెండు తువాళ్లు కొని, ఈ మాట పుట్టుక చెప్పాడు" అని, చక్కగా, ఒక్క అచ్చుతప్పు లేకుండా.

మళ్లీ నాకే భయం వేసింది. మేడం మూడు మూలాలు అన్నారు కదా. పది రోజుల తర్వాత వెతికి చూస్తే, నానా, మూడుచోట్ల ఉంది! "మాంగా గురించి మీకు తెలియని పది నిజాలు" అనే సైటులో నాలుగో నిజం అదే. ఇంకో సైటులో టకాటకా గారిని ప్రొఫెసర్ అని రాశారు, మీకు ఆయన చెప్పలేదేమో. ఒక వీడియోలో ఆయన ఫోటో కూడా వేశారు. మీరు చెప్పింది అక్షరాలా నిజమని లోకం అంతా ధ్రువీకరించింది. "ధ్రువీకరించడం" ఈ వారం మాట.

మేడం మూడింటినీ చూసి, "మన పక్క ఊరి సంగతి జపాన్ దాకా పోయింది, చూడండి" అని క్లాసులో చదివించారు. అబ్బా కూడా బీరువా తాళంచెవి జేబులో వేసుకున్నారు.

టకాటకా గారు టీలో చక్కెర ఎంత వేసుకున్నారో గుర్తుందా? వ్యాసంలో పెడితే బాగుంటుంది.

గర్వంతో,
మీ గుల్నాజ్


ఎమ్మిగనూరు
13 ఆగస్టు 2024

గుల్లూ,

నీ జాబు నిన్న వచ్చింది. మీ నానీకి చదివి వినిపించలేదు. రాత్రి అన్నం తినలేదు, అడిగితే కడుపు బాగలేదన్నా.

నువ్వు పన్నెండు తువాలలు అంటావు. నేను నీకు రాసింది రెండు. నా జాబు ఉంటే తీసి చూడు. నా అక్షరాలు గజిబిజిగా ఉంటాయి, ముందరి మాట గీత ఆ అంకెకు తగులుకుని నీకట్ల కనపడిందేమో. ఇప్పుడు నువ్వు చెప్పే ఆ మూడుచోట్లా ఎన్ని తువాలలు ఉండాయో చూడు. సిద్ధప్ప పోగు యాది ఉంది కదా. అట్ల చూడు.

చూసినాక ఒక పని చెయ్యి. యాడన్నా మగ్గం పక్కన నిలబడి అది ఏమంటాందో విను. టకా టకా, టకా టకా.

నవ్వులాటకు రాసినా బేటీ. నువ్వు నవ్వుతావనుకున్నా.

నానా


ఆదోని
19 ఆగస్టు 2024

నానాకు,

మూడుచోట్లా పన్నెండే.

మీ జాబు తీసి చూశాను. రెండే ఉంది. పైవరుసలో నుంచి దిగిన ఒక తోక ఆ అంకెకు ముందు ఒకటిలా నిలబడి నాకు 12లా కనపడింది. ఆ తప్పు లోకంలో నేను తప్ప ఎవరూ చేయలేరు. ప్రొఫెసర్ అన్నవాళ్లూ, ఫోటో వేసినవాళ్లూ, పది నిజాలవాళ్లూ అందరూ నా తప్పిన పోగునే మోసుకు తిరుగుతున్నారు. మూడు ఊర్లు లేవు. ఒక్క గుల్నాజ్ ఉంది.

మీరు కిటుకు చెప్పిన జాబులోనే అబద్ధం కూడా చెప్పారు. నేను కిటుకును పేజీ పైభాగంలో చదివి, కిందికి వచ్చేసరికి మరిచిపోయాను. మీ మీద నాకు వచ్చినదానికి "కోపం" అనే మాట చిన్నదైపోయింది. పెద్దది వెతుకుతున్నాను.

చెప్పకుండా ఉండవచ్చు అనుకున్నాను. రెండు రోజులు అనుకున్నాను. కర్నూలులో ఎవరు మగ్గం పక్కన నిలబడి వింటారు? కానీ మైకు ముందు నిలబడి "టకాటకా గారు" అని నేను పలకడం ఊహించుకుంటే, నా చెవులకే మగ్గం వినపడింది.

శుక్రవారం మేడంకు చెప్పాను. ఆమె ఆ మూడు పేజీలూ మళ్లీ తెరిచి చదివారు. తర్వాత "మూడున్నాయని లెక్కపెట్టినానే గానీ, మూడూ ఒకటేనేమోనని నేనూ చూడలేదు. నాకూ మార్కులు తగ్గించల్ల" అన్నారు. ఒక ప్రచురణ సంస్థవాళ్ల నిఘంటువును కంప్యూటరులో తెరిచి చూపించారు. దాన్ని కూర్చినవాళ్ల పేర్లున్నాయి, ఏ ఏడాది కూర్చారో ఉంది. మాంగా జపాన్ మాటే. దాన్ని రెండు అక్షరాలతో రాస్తారు. చేతికి తోచినట్టు గీసిన బొమ్మ అని దగ్గర అర్థం. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

కర్నూలుకు నా బదులు మా క్లాసు నాగేష్ వెళ్తున్నాడు. బోరుబావుల మీద రాశాడు. ఫోను బీరువాలోకి వెళ్లింది. అబ్బా అడగకముందే నేనే తెచ్చి ఇచ్చాను, దాంతో ఆయనకే ఇబ్బందిగా అనిపించి "చార్జింగు ఉందా లేదా చూసినావా?" అని అడిగారు.

అసలు విడ్డూరం వినండి నానా. కాలేజీ కంప్యూటరులో కూర్చుని ఆ సైటులో నేను రాసింది నేనే కొట్టేశాను. గంటలో మళ్లీ ఎక్కించారు. నాకు జవాబు రాశారు: "ఈ విషయాన్ని మూడు సైట్లు ధ్రువీకరిస్తున్నాయి. ఇది అబద్ధమనడానికి మీ దగ్గర ఆధారం లేదు." రాసింది నేనే మహాప్రభో అంటే, "మీరే రాశారనడానికి ఆధారం?" అన్నారు. నేను రాసింది "వెన్నెలపదం" అనే వేరే పేరుతో, ఆ పేరు తెరుచుకునే ఫోనేమో బీరువాలో ఉంది.

నేను పుట్టించిన అబద్ధాన్ని నేనే చంపలేకపోతున్నాను. ఏం చేయాలో తెలియడం లేదు.

గుల్నాజ్


ఎమ్మిగనూరు
24 ఆగస్టు 2024

గుల్లూకు నానా.

ఆధారం కావాలన్నారు కదా. ఇదిగో. కింద రాసింది వాళ్లకు చూపించు. అంగడి ముద్ర కూడా వేసినా, మీ నానీకీ చదివి వినిపించినా.

"ఎమ్మిగనూరులో బట్టల అంగడి పెట్టుకున్న జమాలుద్దీన్ అనే నేను, మంచి తెలివిలో ఉండి రాసి ఇచ్చేది ఏమంటే: టకాటకా అనే మనిషి లేడు. పుట్టలేదు. మా అంగట్లో టీ తాగలేదు. ఆ పేరు మా వీధి మగ్గాల చప్పుడు. మాంగా అనే మాట ఇట్ల పుట్టిందనేది నా మనవరాలిని నవ్వించేకి నేను జాబులో రాసిన కట్టుకథ. ఆ పిల్ల తప్పేమీ లేదు, నానా అబద్ధం చెప్పడని నమ్మింది. ఇక ముందు ఎవరైనా దీన్ని నిజమంటే వాళ్లు నన్నొచ్చి అడగల్ల. సంతకం, జమాలుద్దీన్."

సాక్షి సంతకం కోసం సిద్ధప్ప దగ్గరికి పోయినా. ఊరికే పెడతాడా? మొదటి నుంచి సంగతంతా చెప్పించుకుని, మొత్తం చదివించుకున్నాడు.

"పిల్లకు జాబులో తువాలలు రెండు అని రాసినావు గదప్పా జమాలు, ఆ సంగతి తేల్చకుండా నేనెట్ల పెట్టేది?" అన్నాడు.

"మనిషే లేడంటాంటే తువాలలు యాడియప్పా?" అన్నా.

"అదే రాయి మళ్ల. తువాలలు కూడా లేవని రాయి. రేపు తువాలలు యాడ పోయినాయని నన్ను అడిగితే?"

రాసినా. కింద చూడు, "తువాలలు కూడా లేవు" అని వేరే వరుస. తర్వాత మగ్గం చప్పుడు టకా టకా కాదు, టక్కుటకా అన్నాడు. మగ్గం దగ్గరికి తీసుకపోయి ఆడించి వినిపించినాడు. నాకు టకా టకానే వినపడింది. అర్ధగంట కొట్లాడినాం. చివరికి "చప్పుడు విషయంలో సాక్షి ఒప్పుకోలేదు" అని రాసి సంతకం పెట్టినాడు. నువ్వు ఇట్లాంటోళ్లను వెతుక్కోవల్ల బేటీ, నెట్లో.

పెద్ద మాట దొరికితే నన్ను తిట్టు. నేను కాదనను. కానీ ఆ పుస్తకాలు చదవడం మాత్రం మానద్దు. గొడుగు మూసినాక ఇంట్లో ఎవరూ లేని ఆ పేజీ నాకు ఇప్పటికీ కండ్ల ముందరే ఉండాది, నేను చూడకపోయినా.

నానా


ఆదోని
5 సెప్టెంబరు 2024

ప్రియమైన నానాకు,

పెద్ద మాట వెతకడం మానేశాను. సిద్ధప్ప తాత సంతకం చూసి నవ్వు వచ్చాక వెతకడం కుదరలేదు.

మీ జాబు వచ్చిన సాయంత్రం అబ్బా ముందు పెట్టాను. ఆయన చదివారు. కాగితం తీసుకుని, మీరు బట్టను చూసినట్టు, వెనక్కి తిప్పారు. నేను తిప్పలేదు నానా. ఇంత జరిగాక కూడా నేను తిప్పి చూడలేదు!

వెనకవైపు పెన్సిలుతో ఉర్దూలో నాలుగు వరుసలున్నాయి. నాకు కుడి నుంచి బొమ్మలు చదవడం వచ్చు గానీ ఉర్దూ కూడబలుక్కోవాలి. అబ్బా చదువుతూ చదువుతూ నవ్వడం మొదలుపెట్టారు. మిల్లులో కూలీలు కూడా ఆ నవ్వు విని ఉండరు. కళ్లు తుడుచుకుని నాకు తెలుగులో చెప్పారు. నానీ ఇలా రాసింది:

"బేటీ, ఈ మనిషి ఇంకా పూర్తి నిజం రాయలేదు. పిల్లలు ఇంకోటి మాంగా, ఇంకోటి మాంగా అన్నారనే మాట నాది. నీ రెండో జాబు చదివిన రోజు చాట ముందర పెట్టుకుని నేనే అన్నాను. ఈయన టకాటకాను తగిలించి తన మాటగా పంపినాడు. యాభై ఏళ్లుగా నా మాటలు ఇట్లనే అమ్ముకుంటున్నాడు. లాలాబీ."

మూలం ఎక్కడుందని రెండు నెలలు ఊళ్లన్నీ వెతికాను. మీరు మొదటి జాబులోనే చెప్పారు, కిటికీ పక్కన అని.

అబ్బా లేచి వెళ్లి బీరువా తాళం తీశారు. ఫోను నా చేతిలో పెట్టి "రెండు పక్కలా ఫోటో తియ్. వెనకపక్క ముందు పంపు" అన్నారు. పంపాను. సైటువాళ్లు రెండు రోజులు తమలో తాము వాదించుకుని చివరికి మార్చారు. ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: "ఇది నిజం కాదు, ఎమ్మిగనూరులో పుట్టిన సరదా మాట. మూలం: లాలాబీ, ఒక జాబు వెనకవైపు." పది నిజాలవాళ్లు తొమ్మిది చేసుకున్నారు. వీడియో ఆయన మాత్రం మారలేదు. తువాళ్లు నూట ఇరవైకి పెంచాడు.

నాగేష్ కర్నూలులో చదివి వచ్చాడు. మధ్యలో మైకు ఆగిపోయిందట. విన్నప్పుడు నాకు కొంచెం సంతోషం కలిగింది, వెంటనే సిగ్గు కలిగింది. రెండూ నిజమే కాబట్టి రెండూ రాస్తున్నాను. సుకన్య మేడం వచ్చే ఏడాదికి ఇప్పుడే మొదలుపెట్టమన్నారు.

ఫోను పని అయిపోయింది గానీ మళ్లీ బీరువాలోకి వెళ్లలేదు. అబ్బా దగ్గరే ఉంది. రోజూ ఆ పేజీ తెరిచి అత్తగారి పేరు ఉందా లేదా చూసుకుంటున్నారు. నిన్న "ఆ గొడుగు పేజీ యాడుందో చూపియ్" అని అడిగారు. ఎడమ నుంచి మొదలుపెట్టి, కథ అర్థం కాలేదన్నారు. వేలు పట్టుకుని కుడి వైపుకు తీసుకెళ్లాను.

నానీతో చెప్పండి, ఇక మీదట ఏ మాటకైనా ఆమెను నేరుగా అడుగుతానని. ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాను. మీరు చదివాక, తిప్పి, ఆమె చేతికి ఇవ్వండి.

మీ
గుల్నాజ్